గోడ మాస్టారి తెలుపు

టార్చిలైట్లు తయారుచేసే ఆ చిన్న కార్ఖానాలో గోడ మాస్టారంటే తెలియనివాళ్లు లేరు. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ఇరవై ఆరేళ్లుగా, రోజుకు ఆరు గంటల పాటు, చీకటి గదిలో కూర్చుని తెల్లగోడను చూడటమే ఆయన ఉద్యోగం. వినడానికి నవ్వులాటగానే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య, మా ఆయన పొద్దస్తమానం గోడ చూస్తారని చెప్పడానికి మొహమాటపడి, ఇంజనీరని చెప్పుకునేది.

ఆ పనిలో కష్టం చేసేవాడికే తెలుస్తుంది. గది రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. కప్పుకీ మూడు గోడలకీ నల్లరంగు. ఎదురుగా ఉన్న నాలుగో గోడ ఒక్కటే తెలుపు. ఈ చివర బల్లకి టార్చిని బిగించి వెలిగిస్తే వెలుగు వెళ్లి ఆ గోడ మీద పడుతుంది. గోడ మధ్యలో ఒక మీటరు. వెలుగు ఎంతో అది అంకెల్లో చెబుతుంది. ఎలాంటి వెలుగో మాత్రం చెప్పదు. నడిమి గుండ్రం శుభ్రంగా ఉందా, అందులో నల్లటి బొక్కేమైనా పడిందా, చుట్టూ పరుచుకునే పల్చటి వెలుగులో గీతలున్నాయా, అంచు ఏ రంగుకి తిరిగింది, ఇవన్నీ చూడాల్సింది కన్ను. పెద్ద కంపెనీల్లో వీటికీ యంత్రాలు ఉంటాయట. ఇక్కడ ఉన్నది మాస్టారి కళ్లు.

మూడు నెలలకోసారి ఎవరో ఒకరు కొత్త ఎల్‌ఈడీ చిప్పులు పట్టుకొచ్చేవారు. ఒక్కోటి పప్పు బద్దంత ఉంటుంది. తెచ్చిన ప్రతివాడూ తన చిప్పుని మించింది లోకంలోనే లేదంటాడు. మాస్టారు మారుమాటాడకుండా దాన్ని తన పాత టార్చిలో అతికించి, వెలుగుని ముందుకి తోసే, ఎప్పుడూ వాడే అద్దపు గిన్నె, ఎప్పుడూ వాడే బ్యాటరీ పెట్టి, వెలిగించి, ముప్పై లెక్కపెట్టేవారు. ముప్పై పూర్తయ్యేదాకా గోడ వైపు చూడనైనా చూసేవారు కాదు. వెలిగించగానే ఏ లైటయినా బాగానే ఉంటుంది, వేడెక్కనివ్వండి అనేవారు. వేడెక్కాక వెలుగు తగ్గేది, రంగు తిరిగేది, దాంతోపాటు అమ్మడానికొచ్చినవాడి మొహమూ తిరిగేది. ఇరవై ఆరేళ్లలో ఆయన బాగుందన్న చిప్పు తిరిగి రాలేదు, బాగోలేదన్నది ఎక్కడా నిలబడలేదు. యజమాని సైతం ఆయన మాటకి ఎదురు చెప్పడు.

ఇక ఆ గోడ. దాని మీద ఈగను వాలనిచ్చేవారు కాదు. ఏడాదికోసారి ఆయనే చొక్కా విప్పి, నిచ్చెనెక్కి, దానికి తెల్లరంగు వేసుకునేవారు. రంగులవాణ్ని పిలుస్తామంటే ఒప్పుకునేవారు కాదు. అయిదారేళ్ల కిందట ఆయనకి గోడ పసుపెక్కుతున్నట్టు అనిపించింది. చిప్పులు అతికించేటప్పుడు లేచే పొగ పట్టిందనుకున్నారు. తెల్లరంగులో చిటికెడు నీలిమందు కలిపారు. బట్టలకి పెడతామే, అదే. గోడ మల్లెపువ్వులా వచ్చింది. మరుసటి ఏడు చిటికెడు చాలలేదు. ఆ పైఏడు చెంచా పట్టింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి, అది ఆయన చేతి కిటుకు.

రెండేళ్ల కిందట తమ్ముడి కూతుర్ని తీసుకొచ్చి ఆ గదిలో తనకి సాయంగా పెట్టుకున్నారు. చిన్నప్పుడు ఇంట్లో ఒక చోట నిలవకుండా గెంతుతుండేదని పిచ్చుక అని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు వచ్చినా ఆ పేరు వదల్లేదు. మనుషులున్నప్పుడు ఆయన్ని సార్ అనేది, ఇద్దరే ఉన్నప్పుడు పెదనాన్నా అనేది. ఆ పిల్ల కన్ను మంచిదని ఆయన మొదటి నెలలోనే కనిపెట్టారు. తను రెండుసార్లు చూసి తేల్చేది ఆ పిల్ల ఒక్క చూపులో పట్టేస్తోందని ఇంటికెళ్లి భార్యతో మురిసిపోతూ చెప్పుకున్నారు కూడా. ముప్పై లెక్కపెట్టడం నేర్పారు, చూపు అలిసిపోకుండా మధ్యమధ్య కళ్లు మూసుకోవడం నేర్పారు. గోడకి రంగు వేసేటప్పుడు మాత్రం నిచ్చెన పట్టుకోనిచ్చారే గానీ డబ్బాలోకి తొంగిచూడనివ్వలేదు.

అలా ఉండగా ఒక పెద్ద ఆర్డరొచ్చింది. ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసే నర్సులకి చేతి టార్చిలు కావాలన్నారు. గొంతులోకి, కళ్లలోకి వేసి చూసుకోవాలి, పుండు ఎర్రబడిందో లేదో చూసుకోవాలి, పెదాల రంగు చూసుకోవాలి. చిన్న యజమాని గారు పరుగున వచ్చి, మాస్టారూ, చిప్పు మీరే తేల్చాలి అన్నాడు. తల సగం నెరిసినా ఆయన ఇప్పటికీ చిన్న యజమానే. వాళ్ల నాన్న పోయి పదేళ్లయినా పెద్ద యజమాని అనే పిలుపు ఎవరి నోటా రాలేదు.

పన్నెండు రకాలు తెప్పించారు. వడబోసి వడబోసి చివరికి రెండు మిగిలాయి, ఏడో నంబరూ పన్నెండో నంబరూ. మీటరు మీద పన్నెండుదే పైచెయ్యి. ఏడు కంటే ఆరో వంతు ఎక్కువ చూపించింది. గోడ మీద చూస్తే మాస్టారి కంటికి పన్నెండు పాల నురగలా కనబడింది. ఏడు పాత వార్తాపత్రికలా ఉంది. ఆయనకి ఇంక ఆలోచించడానికి ఏమీ కనబడలేదు. పిచ్చుక మాత్రం ఏడు బాగుందంది. కొద్దిగా వెలుగు తక్కువైనా నడిమి గుండ్రం నుంచి అంచుదాకా ఒకటే రంగు ఉంది, చెయ్యి అడ్డం పెడితే చెయ్యి చెయ్యిలా కనబడుతోంది, పన్నెండులో నీలం ఉంది అంది. మాస్టారు చెవిన వేసుకోలేదు. మర్నాడు మళ్లీ చెప్పింది. ఆ మర్నాడు ఒక తెల్ల కాగితం పట్టుకొచ్చింది.

ఆ పూట గదిలో చిన్న యజమాని ఉన్నాడు, టార్చిలు బిగించే ఫిట్టర్లు ఇద్దరున్నారు. పిచ్చుక ఆ కాగితాన్ని గోడకి ఆనించి పట్టుకుని, అంతమందిలో సార్ అనాల్సింది మరిచిపోయి, "గోడే నీలంగా ఉంది పెదనాన్నా" అంది.

ఫిట్టర్లు పగలబడి నవ్వారు. చిన్న యజమాని కూడా నవ్వాపుకోలేకపోయాడు. మాస్టారికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. తన గోడని, తన చేత్తో వేసిన గోడని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అంతమాటంటుందా. ఆ కాగితం అందుకుని చూడనైనా చూడకుండా బల్ల మీద పడేసి, దాని మీద టీ గ్లాసు పెట్టారు. తెల్లగోడకి రంగు అంటగట్టే కళ్లకి ఈ గదిలో ఏం పని అన్నారు. నెమ్మదిగానే అన్నారు గానీ అందరికీ వినబడేలా అన్నారు. పిచ్చుక తల దించుకుని నిలబడింది. కాగితం మీద గ్లాసు తడి గుండ్రంగా దిగడం చూస్తూ ఉండిపోయింది.

వారం తిరక్కుండా ఆ పిల్లని స్టోర్‌కి మార్చారు. టేపులకి అంటించి వచ్చే చిప్పుల చుట్టలు అరల్లో సర్దడం, అడిగినవాళ్లకి నంబరు చూసి ఇవ్వడం, ఆ పని. తమ్ముడితో మాస్టారు, కొన్నాళ్లు అక్కడ ఉండనీరా, ఆ పనీ వస్తుంది కదా అన్నారు. తమ్ముడు అన్నగారి మాటకి తలూపడం తప్ప ఎరగడు. పన్నెండో నంబరు చిప్పులతో నర్సుల టార్చిలు తయారై, పెట్టెలకెక్కి వెళ్లిపోయాయి.

ఆ తరవాత నాలుగు నెలలకి మాస్టారు మీటరు మీద మూడుని ఎనిమిదిగా చదివారు. గడప తట్టుకుని పడబోయారు. భార్య పోరు పడలేక కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే, రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరిపోయాయని చెప్పాడు. ఇవి ఇవాళ్టివి కావు, అయిదారేళ్లవి, ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారండీ అన్నాడు. ముందు కుడికన్నుకి ఆపరేషన్ చేసి, రెండు నెలలాగి ఎడమదాని సంగతి చూద్దామన్నాడు. కుడికన్నుకి చేశారు. మంగళవారం కట్టు విప్పి, నల్లకళ్లద్దాలు ఇచ్చి పంపించారు.

బుధవారం పొద్దున్న స్నానం చేసి వచ్చి, ఉతికిన తెల్లచొక్కా చేతిలోకి తీసుకుని, ఆయన భార్యని కేకేశారు. ఇది ఎవరి చొక్కా అన్నారు. మీదే అందావిడ. నాకు నీలం చొక్కాలెక్కడివి అన్నారు. ఆవిడ ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసింది.

"అయిదేళ్ల బట్టీ చొక్కాలు పచ్చబడ్డాయి, నీలం చాలలేదు, ఇంకా పెట్టు, ఇంకా పెట్టు అని నా ప్రాణం తీసింది మీరు కాదూ? మీకు కావాల్సినంత పెడుతున్నాను. వీధిలో అందరూ నన్నే చూసి నవ్వుతున్నారు, మీ ఆయనకి బట్టలుతకడం రాదా నీకు అని."

ఇంకో సంగతి కూడా ఆవిడ నవ్వుతూ చెప్పేసింది. కార్ఖానాలో ఆయన గేటు దగ్గర కనబడగానే ఫిట్టర్లు, అదిగో ఆకాశం వస్తోంది అనుకుంటారట. ఆ మాట ఆవిడ చెవిన పడి నాలుగేళ్లయిందట. ఆయన నొచ్చుకుంటారని చెప్పలేదట. మాస్టారు నవ్వబోయారు. సగం నవ్వు మొహం మీద ఉండగానే గోడ గుర్తొచ్చింది.

ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. డాక్టరు వారం రోజులు కదలొద్దన్నా, గురువారం పొద్దున్నే నల్లకళ్లద్దాలు పెట్టుకుని కార్ఖానాకి వెళ్లారు. గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, అద్దాలు తీశారు. తన గోడ. ఇరవై ఆరేళ్లుగా చూసుకుంటున్న గోడ. చంటిపిల్లల గదికి వేసే రంగులా అచ్చంగా నీలంగా ఉంది. సొరుగులో వెతికితే ఆ కాగితం ఇంకా ఉంది, టీ మరకతో సహా. గోడకి ఆనించి పట్టుకున్నారు. పిచ్చుక పట్టుకున్నట్టే పట్టుకున్నారు. చంటివాడైనా చెప్పేస్తాడు. పన్నెండో నంబరు వెలిగించి, చెయ్యి చాపి చూసుకుంటే, చన్నీళ్లలో గంటసేపు నానినవాడి చెయ్యిలా ఉంది. ఏడో నంబరు కింద చెయ్యి చెయ్యిలాగే ఉంది. ఆ పిల్ల వాడిన మాటే అది.

ఆయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ గదిలో ఎవరూ లేరు, అయినా నలుగురి మధ్యా బట్టల్లేకుండా నిలబడ్డట్టయింది. అప్పుడే తలుపు తట్టి చిన్న యజమాని వచ్చాడు, చేతిలో ఉత్తరంతో. నర్సుల పెద్ద రాసింది. ఈ టార్చి వేసి చూస్తే ఎవరి పెదాలు చూసినా నీలంగానే కనబడుతున్నాయి, నిక్షేపంలా ఉన్న ఒక పెద్దాయనకి ఊపిరందడం లేదనుకుని హడలిపోయి ఆసుపత్రికి మోయించాం, ఆయన మమ్మల్ని తిట్టని తిట్టు లేదు, మీ టార్చిలు మీరు తీసుకుపోండి అని. చదివి వినిపించి, ఏమై ఉంటుంది మాస్టారూ అని అడిగాడు పాపం, పసివాడిలా.

నోటిదాకా వచ్చింది. నిజంగానే వచ్చింది. కానీ మాస్టారు గబుక్కున నల్లకళ్లద్దాలు పెట్టేసుకున్నారు. నాకింకా మసకమసగ్గానే ఉంది బాబూ, చూపు కుదురుకోలేదు అన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. "నేను పాస్ చేసిన చిప్పు కాదేమో ఇది. స్టోర్‌లో ఒక నంబరు బదులు ఇంకోటి ఇచ్చి ఉంటారు" అన్నారు.

ఇచ్చి ఉంటారు అన్నారు, పేరెత్తలేదు. స్టోర్‌లో ఉన్నది పిచ్చుక ఒక్కతే. చిన్న యజమాని మొహం మాడ్చుకుని, అదే అనుకున్నాను అని వెళ్లిపోయాడు.

శుక్రవారం, శనివారం పిచ్చుక చేత స్టోర్‌లోని ప్రతి చుట్టా విప్పించి చిప్పులన్నీ లెక్కపెట్టించారు. ఏ నంబరువి ఎన్ని వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, ఎన్ని మిగిలాయి. లెక్క సరిపోయింది. సరిపోయిందంటే మళ్లీ లెక్కపెట్టమన్నారు. ఫిట్టర్లు అటుగా వెళ్తూ, గోడకి రంగు మార్చిన పిల్ల ఇప్పుడు చిప్పులకీ నంబర్లు మార్చిందిరోయ్ అని వేళాకోళమాడారు. సోమవారం ఏ సంగతో తేలుస్తానని చిన్న యజమాని అన్నాడు. తేల్చడమంటే ఏమిటో అందరికీ తెలుసు.

ఆదివారం తమ్ముడు ఫోన్ చేశాడు. ముందు కన్ను ఎలా ఉందని అడిగాడు. చుక్కల మందు వేళకి వేసుకుంటున్నావా అని అడిగాడు. ఆ తరవాత గొంతు తగ్గించి, "అన్నయ్యా, అమ్మాయి వల్ల పొరపాటే జరిగుంటుంది. చిన్నతనం. నువ్వొక్క మాట చెబితే ఆయన వింటాడు. ఇది అన్నం సరిగా తినట్లేదు" అన్నాడు. మాస్టారు చూద్దాంలే అన్నారు. తప్పు చేసినవాణ్ని పట్టుకుని, తప్పులేనివాడు బతిమాలుతుంటే చూద్దాంలే అన్న నోరు అది. ఆ నోటికి ఆ పూట అన్నం సయించలేదు. సయించకపోతే మాత్రం ఎవరికి ఒరిగింది.

సోమవారం పొద్దున్న ఆరింటికే మాస్టారు కార్ఖానాలో ఉన్నారు. చేతిలో తెల్లరంగు డబ్బా, బ్రష్షు. కాపలావాడు, ఇంత పొద్దున్నేంటి సార్ అంటే, గోడకి ఏడాది అయింది నాయనా అన్నారు. ఆయన ఆలోచనేమిటంటే, గోడని తెల్లగా చేసేస్తే చాలు. ఆ తరవాత నెమ్మదిగా, నాలుగు రోజులాగి, మళ్లీ పరీక్ష చేసి చూశాను, ఏడో నంబరే మేలనిపిస్తోంది అనవచ్చు. ఎవరూ ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. పిచ్చుకకి కూడా ఎక్కడో ఒక చోట పని చూడవచ్చు. ఎంత చక్కటి ఆలోచనో చూశారా. దొంగతనం చేసేవాడికి కూడా ఇంత పొందిక ఉండదు. నల్లకళ్లద్దాలతో ఆ నల్లగదిలో ఏమీ కనబడక వాటిని తీసి జేబులో పెట్టుకుని, ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి, దుమ్ము కంట్లో పడుతుందేమోనని మొహం పక్కకి తిప్పుకుంటూ, ఏడున్నరకల్లా సగం గోడ వేసేశారు.

తలుపు చప్పుడైంది. పిచ్చుక. ఆఖరిసారి లెక్క చూసుకుందామని పెందలాడే వచ్చి, గదిలో లైటు వెలుగుతుంటే ఎవరా అని తొంగిచూసింది.

నిచ్చెన మీద మాస్టారు బొమ్మలా అయిపోయారు. బ్రష్షు కొసనుంచి రంగు చుక్కలుచుక్కలుగా చెప్పు మీద పడుతోంది. గోడ సగం తెలుపు, సగం నీలం. మధ్యలో గీత. ఇంక ఎవరికైనా ఏం చెప్పాలి. పిచ్చుక సంచీ కింద పెట్టి, ఆ సగాన్ని చూసింది, ఈ సగాన్ని చూసింది. ఆయన్ని మాత్రం చూడలేదు.

"రెండో పూత కూడా వెయ్యాలి పెదనాన్నా. కింద నీలం కనబడుతోంది" అంది.

ఎగతాళి కాదు. ఉన్నమాట చెప్పింది, పని నేర్చుకున్న పిల్ల చెప్పినట్టు. ఛీ అన్నా భరించగలిగేవారు. మాస్టారు నిచ్చెన దిగి, బ్రష్షు డబ్బాలో పడేసి, చేతికంటిన రంగు తుడుచుకోకుండానే చిన్న యజమాని కోసం గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

ఎనిమిదిన్నరకి అందరినీ గదిలోకి తీసుకొచ్చి చూపించారు. సగం గోడ మీద పన్నెండో నంబరు, రెండో సగం మీద పన్నెండో నంబరు. తరవాత ఏడు. నీలిమందు సంగతి చెప్పారు. శుక్లాల వల్ల తెలుపు పసుపుగా కనబడిందని కంటి సంగతి చెప్పారు. ఈ అమ్మాయి ముందే చెప్పింది, వినని పాపం నాది, స్టోర్‌లో ఏ తప్పూ జరగలేదు అన్నారు. ఇది ఎప్పుడు తెలిసింది మాస్టారూ అని చిన్న యజమాని అడిగితే, ఇవాళ పొద్దున్నే బాబూ, చూపు ఇవాళే తేటపడింది అన్నారు. ఆ ఒక్క ముక్క అలా నోట్లోంచి జారిపోయింది. మిగతాదంతా నిజమే చెప్పాను కదా అని తనకి తను సర్దిచెప్పుకున్నారు.

చిన్న యజమాని మంచివాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కన్ను పాడైతే మీరేం చేస్తారు మాస్టారూ, ఇంత వయసులో నలుగురిలో ఒప్పుకోవడం మాటలా అన్నాడు. వెళ్లిన టార్చిలన్నీ వెనక్కి తెప్పించి ఏడో నంబరు వేయిద్దాం అన్నాడు. పిచ్చుకని ఇవాళ్టి నుంచే గదిలోకి రమ్మన్నాడు. వేళాకోళమాడిన ఫిట్టర్లే ముందుకొచ్చి మాస్టారి భుజం తట్టారు. ఒకడు కుర్చీ లాగాడు, ఒకడు టీ తెచ్చాడు. మాస్టారు ఆ టీ తాగారు. ఆ మంచిమాటలన్నీ కూడా టీతో పాటే తాగేశారు. గురువారం నుంచి గొంతులో అడ్డం పడ్డదేదో దిగిపోయినట్టే ఉంది. ఇంకేముంది, గండం గడిచిందనుకున్నారు.

అందరూ వెళ్లాక గదిలో ఇద్దరే మిగిలారు. పిచ్చుక తలుపు వేసి, బల్ల దగ్గరికి వచ్చి, నిలువుగా గీత గీసినట్టున్న ఆ గోడ వైపు చూస్తూ, కొత్త కన్ను చేత్తో మూసుకుని పాత కన్నుతో చూడమంది. మాస్టారు కుడికన్ను మూసుకున్నారు.

నీలం సగం తెల్లగా అయిపోయింది. హాయిగా, చల్లగా, మల్లెపువ్వులా, ఇన్నేళ్లూ ఎలా ఉందో అలా. ఇవాళ వేసిన అసలు తెలుపే పక్కన మురికిపట్టినట్టుంది.

"ఏ సగం తెలుపు?" అని అడిగింది. ఆయన నీలం సగం వైపు వేలు చూపించారు. పిచ్చుక గట్టిగా ఊపిరి వదిలింది. మొహం విప్పారింది. చిన్నప్పటి మొహం.

"అయితే ఆ రోజు మీరు అబద్ధమాడలేదు పెదనాన్నా. మీకు నిజంగానే అలా కనబడింది. నేనింకా, కావాలనే నన్ను..." అని ఆగిపోయింది. ఇన్ని నెలలూ దాన్ని కొరుక్కుతిన్నది ఆ మాటేనని మాస్టారికి అప్పుడర్థమైంది. ఆయన కుర్చీలో కదిలారు. ఆ పిల్ల తనంతట తనే క్షమించేస్తోంది. ఊరికే కూర్చుంటే చాలు.

పిచ్చుక వంగి, దారికి అడ్డంగా ఉన్న రంగు డబ్బాని గోడ పక్కకి జరపబోయింది. జరుపుతూ జరుపుతూ ఆగింది. కొత్త డబ్బా. మూత మీద షాపువాడి చీటీ ఇంకా ఊడలేదు.

"ఆరింటికే వచ్చారని కాపలా ఆయన చెప్పాడు. అప్పటికి షాపులు తియ్యరు కదా. ఇదెప్పుడు కొన్నారు పెదనాన్నా?"

అడగడంలో ఏ మెలికా లేదు. చీటీ మీద తేదీ ఉంటుంది, కావాలంటే తనే చూసుకోవచ్చు. చూసుకోలేదు. డబ్బా పట్టుకుని అలా వంగే ఉండి, ఆయన వైపు చూసింది. ఇంట్లో ఉన్న పాత డబ్బా అని ఒక అబద్ధం మాస్టారి నాలిక కొసన తయారుగా ఉంది. ఎంత తొందరగా తయారైందో చూసి ఆయనకే ఒళ్లు జలదరించింది.

"శనివారం" అన్నారు. మొదలయ్యాక ఇంక ఆగలేదు. "గురువారమే చూశానమ్మా. ఆయన ఉత్తరం తెచ్చేసరికే చూశాను. నీ కాగితం పెట్టి కూడా చూశాను. చూసే, స్టోర్‌లో మారిపోయుంటాయని చెప్పాను. నిన్న మీ నాన్న ఫోన్ చేసినప్పుడు కూడా..."

సిగ్గు అంటే ఏమిటో తనకి తెలుసనుకున్నారు ఆయన, గోడ చూసిన రోజు తెలిసిందనుకున్నారు. అది కంటి సిగ్గు. ఇది ఇంకోటి. దీనికి డాక్టరు లేడు.

పిచ్చుక డబ్బా కింద పెట్టింది. లేచి, చేతులు దులుపుకుంది. తిడుతుందేమోనని, తిడితే బాగుండునని మాస్టారు ఎదురుచూశారు. ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చి, ఏడో నంబరు టార్చిని బిగించి, బ్యాటరీ చూసుకుని, మీట నొక్కింది. గోడ వైపు చూడకుండా, ఆయన నేర్పినట్టే, తల దించుకుని పెదాలు కదుపుతూ ముప్పై లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మాస్టారు కూడా అలవాటుకొద్దీ లోపల్లోపల లెక్కపెట్టారు. ఇరవై ఆరేళ్లలో ఏ ముప్పై అంత పొడుగ్గా సాగలేదు.

ముప్పై అయ్యాక ఆ పిల్ల తలెత్తి గోడని చూసింది. మీటరు చదివింది. పుస్తకం తెరిచి, కలంతో పాటు ఆయన ముందుకి జరిపింది. గదిలో ఇద్దరే ఉన్నారు, తలుపు వేసే ఉంది.

"నేను చెబుతాను, మీరు రాసుకోండి సార్" అంది.